నేను రాసిన కథ, ఆయన పడ్డ మాట

మాస్టారు పోయారని పోయిన మంగళవారం మధ్యాహ్నం వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తురాక గరిటె పట్టుకుని ఆలోచిస్తున్నాను. "అత్తా, నాన్న పోనారు. పొద్దున్న టీ తాగి కూకున్నారు, అలాగే ఒరిగిపోనారు. అమ్మ నీకు సెప్పమంది" అంది. ఆ పిల్ల ఏడవలేదు. నేనూ ఏడవలేదు. పొయ్యి కట్టేసి, ఉప్పు సంగతి అక్కడే వదిలేసి, గోపాలపట్నంలో బస్సెక్కాను.

మాస్టారంటే నాకు బళ్లో పాఠాలు చెప్పినాయన కాదు. విశాఖ పాతవూళ్లో ఆడవాళ్ల జాకెట్లు కుట్టే దర్జీ. మా వైపు దర్జీని మాస్టారనే పిలుస్తాం. పెళ్లయి గోదావరి నుంచి వచ్చిన కొత్తలో, మా ఆయన పోర్టులో గుమాస్తాగా చేరినప్పుడు, ఆయన ఇల్లూ దుకాణమూ కలిసి ఉన్న సందులోనే మేం అద్దెకు దిగాం. ఊరు తెలీదు, యాస తెలీదు. "ఏటి సేత్తన్నావ్?" అని పక్కింటావిడ పలకరిస్తే నన్ను కోప్పడుతోందనుకుని లోపలికి పోయేదాన్ని. అలాంటిదాన్ని పిలిచి పని చూపించింది మాస్టారే. జాకెట్లకు హుక్కులు కుట్టడం, కాజాలు తీయడం, చీరలకు ఫాల్స్ వేయడం. మధ్యాహ్నం పూట ఇంటిపని అయ్యాక వెళ్లి దుకాణం లోపలి బల్ల మీద కూర్చునేదాన్ని. నన్ను సెల్లెమ్మా అనేవారు. వాళ్లావిడ నాకు వదిన అయింది, ఆవిడా నన్ను సెల్లెమ్మా అనే పిలిచేది. వాళ్లు ముస్లిములైనా, మతం అడ్డమని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు, నాకు కూడా అనిపించలేదు.

మీలో కొందరికి నేను కథలు రాస్తానని తెలుసు. "మీకు కథలు ఎక్కడ దొరుకుతాయి?" అని నన్ను చాలామంది అడిగారు. నేను చాలా చోట్ల చాలా చెప్పాను. అన్నీ అబద్ధాలు. ఇవాళ నిజం చెప్పడానికి కూర్చున్నాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువని ఊరికే అనలేదు, ఈ నాలుగు ముక్కలు రాయడానికే నాకు రెండు రోజులు పట్టింది.

మాస్టారి దగ్గర పని పద్ధతి వేరుగా ఉండేది. ఆడవాళ్ల ఒంటికి టేపు పెట్టేవారు కాదు. సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి తెచ్చివ్వమనేవారు. దాన్నే ఆది అంటాం. చాలా చోట్ల కొత్త జాకెట్టుతోపాటే ఆది కూడా తిరిగిచ్చేస్తారు. ఈయన దగ్గర మాత్రం వాడుకగా వచ్చేవాళ్లు ఆదిని ఆయన దగ్గరే ఉంచేసేవారు. గోడ బీరువాలో అలాంటివి ఎన్నో ఉండేవి. ఒక్కదాని మీదా పేరు ఉండేది కాదు. అంచున ఒక రంగు దారంతో రెండు కుట్లు, అంతే. ఏ దారం ఎవరిదో ఆయనకు తప్ప తెలీదు.

"పేరు రాసుకోవచ్చు కదా మాస్టారూ" అన్నాను ఒకసారి.

"ఎందుకు? రేపు నాను పోనాక ఎవరో బీరువా తీత్తారు. పలానా ఆయమ్మ ఇంత లావు, పలానా ఆయమ్మ ఇంత సన్నం అని సదువుకుంటారు. అది అమానతు సెల్లెమ్మా. దాసమని ఇచ్చింది, దాసాల."

దాచమని నమ్మి ఇచ్చిన దాన్ని అమానతు అంటారని అప్పుడు తెలిసింది నాకు. మంచి మాట దొరికిందని ఇంటికెళ్లి నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. మాట రాసుకున్నాను గానీ అర్థం ఒంటబట్టలేదు.

కుట్టేటప్పుడు ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదు. రేడియో సన్నగా మోగుతుండేది. పెదాల మధ్య గుండుసూది పెట్టుకునే అలవాటు, దానికి వదిన తిట్టేది. ఎవరికైనా ఒళ్లు వచ్చి జాకెట్టు వదులు చేయాల్సి వస్తే ఆ మాట వాళ్లతో అనేవారు కాదు. "గుడ్డ నీళ్లకి ముడుసుకుపోనాది తల్లీ, నాను సూత్తాను" అనేవారు. అన్నిసార్లూ గుడ్డదే తప్పు. "మరీ ఇన్ని అబద్ధాలా మాస్టారూ" అని నేను వేళాకోళం చేస్తే, "గుడ్డకి నోరు నేదు కదా, దాని మీద ఏసేత్తే అది ఊరుకుంటాది" అని నవ్వేవారు. ఒకరి తప్పు ఇంకొకరి మీద వేయడం ఆయనకు అలా బాగా అలవాటు. చివరికి ఆ అలవాటును తన మీదికే తెచ్చుకున్నారు.

నేను కలం పేరుతో రాసేదాన్ని. అత్తగారింట్లో తెలిస్తే, ఇంట్లో సంగతులు వీధిలో పెడుతోందని గోల చేస్తారని భయం. ఆ పేరు నాదేనని మా ఆయన కాకుండా తెలిసింది మాస్టారికీ వదినకే. నా మొదటి కథ అచ్చయితే ఆయన పత్రిక కొనుక్కొచ్చి, కుట్టుమిషను మీద పరుచుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివారు. మా పెదనాన్న చేసిన పిచ్చి పనులన్నీ ఏకరువు పెట్టిన కథ అది. చదివాక పత్రిక మడిచి పక్కన పెట్టారు.

"బాగుంది. కానీ సెల్లెమ్మా, మడిసన్నాక లోపల ఒక జేబుంటాది. దాన్ని బయటికి తిరగేసి సూపకూడదు. అక్కడుందని తెలిత్తే సాలు."

ఆ మాట కూడా రాసుకున్నాను. మంచి మాటలు రాసుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో జరిగిన సంగతి. ఒక టీచరమ్మ ఉండేది, మాస్టారి దగ్గర ఎన్నాళ్లుగానో కుట్టించుకునే మనిషి. దగ్గరలోని బళ్లో లెక్కలు చెప్పేది. ఆపరేషనని కొన్ని నెలలు కనబడకుండా పోయి, ఒకరోజు బాగా చిక్కిపోయి వచ్చింది. చేతిలో కొత్త గుడ్డ ఉంది. "మాస్టారూ, ఆది అదే. కాకపోతే ఎడమ వైపు..." అని ఆగిపోయింది. నేను లోపల బల్ల మీద తలొంచుకుని ఉన్నాను, ఆమె నన్ను చూడలేదు. మాస్టారు ఆ వాక్యాన్ని పూర్తి చేయనివ్వలేదు. "నాకు తెలుసమ్మా. గుడ్డ అక్కడ ఒగ్గేసి ఎల్లండి. శుక్రవారం రండి" అన్నారు.

ఆ వారం ఆయన పడ్డ తిప్పలు నేను కళ్లారా చూశాను. జాకెట్టు లోపల ఎడమ వైపు ఒక జేబు కుట్టారు. అందులో ఇమిడేలా మెత్తటి గుడ్డతో చిన్న సంచి కుట్టి దూది పెట్టారు. వదిన చేత వేయించి నడవమన్నారు. "దూదికి బరువు నేదు, జాకెట్టు పైకి లేసిపోతంది" అని విప్పేశారు. బియ్యం పోసి చూశారు, గుచ్చుకుంటోందంది వదిన. చివరికి ఆవాలు. గుండ్రంగా, మెత్తగా కదులుతాయి, బరువూ ఉంటుంది. దూది మధ్యలో ఆవాలు పోసి, మళ్లీ చుట్టూ దూది. ఆవాలు కొనడానికి మూడుసార్లు వెళ్తే కిరాణా కొట్టాయన, "ఏటి మాస్టారూ, ఒట్టి ఆవాలతోటే ఊరగాయ పెడతన్నారేటి?" అన్నాడట. "అవును బావా, మా ఇంట్లో అలాగే పెడతాం" అన్నారట ఈయన. వదిన ఆ జాకెట్టు వేసుకుని రెండు రోజులు ఇంట్లో వంట చేసింది, నీళ్లు తోడింది, ముగ్గు వేసినట్టు వంగి చూసింది. అప్పుడు గానీ ఆయనకు తృప్తి కలగలేదు.

హుక్కులు కుట్టడానికి నా చేతికే వచ్చింది. తెలియనట్టు అడిగాను, ఇదంతా ఎవరికని.

"ఎవరికని అడక్కు. నీ సేతికొచ్చింది గాబట్టి ఇప్పుడిది నీకు కూడా అమానతు."

సరేనన్నాను. నిజంగానే సరే అనుకున్నాను ఆ రోజు. కానీ ఆ ఆవాలు నన్ను నిద్రపోనిచ్చాయా? రాసేవాళ్ల బుద్ధి ఎలాంటిదో చెప్తాను వినండి. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. ఆ రెండోవాడు కచ్చితంగా కథలు రాసేవాడై ఉంటాడు. ఆరు నెలలు ఆగి రాసేశాను. చాలా జాగ్రత్తలు తీసుకున్నానని నా నమ్మకం. టీచరమ్మను బ్యాంకు ఉద్యోగిని చేశాను. మాస్టారిని వేరే మతంలోకి, వేరే ఊళ్లోకి మార్చాను. పేర్లు మారిస్తే మనుషులు మారిపోతారని నా తెలివి. ఆవాలు మాత్రం మార్చలేదు. మార్చబుద్ధి కాలేదు. కథకు ప్రాణం అదే మరి.

ఆదివారం అచ్చయింది. ఉత్తరాలు వచ్చాయి, మెచ్చుకున్నారు. ఎగిరి గంతేశాను.

టీచరమ్మ ఆ కథను బళ్లో టీచర్ల గదిలో చదివింది. ఆమె చేతికి రాకముందే ఇద్దరు ముగ్గురు చదివి, "ఎంత బాగా రాసిందో, నిజంగా ఇలా కుడతారంటారా?" అని చర్చ పెట్టారట. ఆమె పక్కనే కూర్చుని వింది. వింటున్నప్పుడు ఆమె ఒంటి మీద ఆ జాకెట్టే ఉందట; ఇవి మొన్న శనివారం ఆమె నోటే విని ఇక్కడ చేర్చాను.

మర్నాడు సాయంత్రం బడి వదిలాక దుకాణానికి వచ్చింది. అరవలేదు. మెట్టు కూడా ఎక్కలేదు. "నా ఆది ఇచ్చేయండి మాస్టారూ" అంది. ఊరొదిలి వెళ్లేవాళ్లు తప్ప ఆయన దగ్గర ఆది ఎవరూ వెనక్కి అడిగింది లేదు. ఆయనకు సంగతేంటో అర్థం కాలేదు. ఆమె పత్రిక తీసి మిషను మీద పెట్టింది. వేలు పెట్టి చదివారు. సగం చదివి తలెత్తి లోపలికి, నా వైపు చూశారు. ఒక్క క్షణం. తర్వాత ఆమె వైపు తిరిగారు.

"నానే నోరు జారినానమ్మా. ఎవరితోనో అన్నాను. తప్పయిపోనాది."

నేను ఏం చేశానని అడగండి. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. చేతిలో జాకెట్టు, సూదిలో దారం. అప్పుడు లేచి "నేనండీ" అంటే సరిపోయేది. రెండు అడుగులు కూడా లేదు దూరం. ఆమె ఆది తీసుకుని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నన్ను ఏమైనా అంటారేమో అని చూశాను. మిషను తొక్కడం మొదలుపెట్టి, చాలాసేపటికి, "బాగా రాసినావు సెల్లెమ్మా. దూది సంగతి కూడా ఒగ్గలేదు" అన్నారు. వెటకారం కాదు. నిజంగానే బాగుందనుకున్నారు. అదే నాకు ఎక్కువ సిగ్గు.

టీచరమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు, చెప్పుకోలేని సంగతి కదా. కానీ ఆమె ఆది వెనక్కి తీసుకెళ్లడం పక్క దుకాణాల వాళ్లు చూశారు. కారణం ఏమిటని ఒకరు, మాస్టారు నోరు జారారట అని ఒకరు. ఏం జారిందో ఎవరికీ తెలీదు, జారిందని మాత్రం అందరికీ తెలిసింది. ఒక్కొక్కరే వచ్చి ఆదులు అడిగి తీసుకున్నారు. కొందరు వేరే కారణాలు చెప్పారు, కొందరు అదీ చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి బీరువాలో సగం ఖాళీ. ఆడవాళ్ల జాకెట్లకు పేరుమోసిన మనిషి బడిపిల్లల నిక్కర్లు, ప్యాంట్లకు జిప్పులు వేసుకునే స్థితికి వచ్చారు.

నన్ను పని మానమనలేదు. కానీ ఆ రోజు నుంచి నాకు జాకెట్లు ఇవ్వలేదు. చీరలకు ఫాల్స్ మాత్రమే ఇచ్చేవారు. చీర ఎవరిదైనా ఒకటే పొడుగు. దానికి ఒంటి సంగతులేవీ ఉండవు. నాకది అర్థమయ్యేసరికి నెల పట్టింది. అర్థమయ్యాక కూడా అడగలేదు. అడిగితే ఆయన మళ్లీ ఏ గుడ్డ మీదో నెపం వేసి నన్ను కాపాడతారని తెలుసు.

ఇంతా జరిగాక కూడా బుద్ధి వచ్చిందా అంటే, రాలేదు. ఆ కథ బాగా నచ్చిందని రేడియోవాళ్లు పిలిచారు. కథ ఎక్కడ తట్టిందని అడిగారు. "తెల్లవారుజామున బీచ్‌లో ఒంటరిగా కూర్చుంటాను. అలలు ఏదో చెబుతాయి. అది రాస్తాను" అన్నాను. ఒక్కసారి కూడా తెల్లవారుజామున బీచ్‌కి వెళ్లి ఎరగను, ఆ వేళకి మా ఇంట్లో కుళాయి వస్తుంది. దుకాణంలో రేడియో మోగుతూనే ఉంటుందన్న సంగతి మర్చిపోయాను.

మర్నాడు వెళ్తే మాస్టారు సుద్దముక్కతో గుడ్డ మీద గీస్తూ, తలెత్తకుండా అన్నారు: "సముద్రం కాడికి ఎప్పుడెల్లినావు సెల్లెమ్మా? మొన్నటిదాకా ఇక్కడే కూకున్నావు కదా."

వదిన లోపలి నుంచి నవ్వింది. ఆయనా నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను. కానీ ఆయన మాటలో కష్టం ఉంది. ఆవాల ఉపాయం తనదని ఎవరూ అనకపోయినా ఫర్వాలేదు గానీ, సముద్రానిది అంటే ఆయనకు బాధేసినట్టుంది.

ఆ తర్వాత ఏళ్లలో నేను రాసినవాటిలో మంచివన్నీ ఆ బల్ల మీద దొరికినవే. ఒక్కదానికీ ఆ సంగతి చెప్పుకోలేదు. మేం గోపాలపట్నం మారిపోయాక పండక్కీ పబ్బానికీ వెళ్లి పలకరించి వచ్చేదాన్ని. వెళ్లినప్పుడల్లా, టీచరమ్మ ఎక్కడుందో కనుక్కుని వెళ్లి నిజం చెప్పేస్తానని ఈసారి మాస్టారితో అంటాను అనుకునేదాన్ని. టీ తాగి వచ్చేసేదాన్ని.

మంగళవారం నేను వెళ్లేసరికి జనాజా వెళ్లిపోయింది. మగవాళ్లంతా మట్టి చేయడానికి ఖబరస్తాన్‌కి వెళ్లారు. లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య వదిన గోడకానుకుని కూర్చుని ఉంది. ఆమె పక్కన నెరిసిన జుట్టుతో ఒకామె. చూడగానే గుర్తుపట్టాను. టీచరమ్మ. ఎవరో ఫోన్ చేస్తే పద్మనాభం అనే ఊరి నుంచి వచ్చిందట, రిటైరయ్యాక అక్కడే ఉంటోంది.

ఆమె వదిన చేయి పట్టుకుని మెల్లగా అంటోంది: "ఆయన మీద ఇన్నేళ్లు కోపం పెట్టుకున్నానమ్మా. మనిషన్నాక నోరు జారుతుంది. ఒక్కసారి వచ్చి, పోనీలెండి మాస్టారూ అని ఉంటే ఎంత బాగుండేది. ఆ మాట అనలేకపోయాను."

వదిన ఆమె తల మీదుగా నన్ను చూసింది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు, మళ్లీ. అక్కడున్నవాళ్లు నా మౌనాన్ని దుఃఖమనుకున్నారు. టీచరమ్మ కూడా నన్ను దగ్గరి చుట్టం అనుకుందేమో, జరిగి పక్కన చోటిచ్చింది. వెళ్లి కూర్చున్నాను.

బయల్దేరేటప్పుడు వదిన గుమ్మం దాకా వచ్చింది. "ఆయన నీ పేరు ఎప్పుడూ సెప్పలేదు. నానూ సెప్పను. సెప్పుకుంటే నువ్వే సెప్పుకోవాల" అంది. కోపంగా అనలేదు. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి సెల్లెమ్మా అనకుండా మాట్లాడింది నాతో.

అందుకని ముందు ఇదంతా కాగితం మీద పెట్టాను. మళ్లీ ఆమె సంగతి ఆమెకు చెప్పకుండా అచ్చుకిస్తే నాకన్నా నీచురాలు ఉండదు. శనివారం కాగితాలు సంచిలో పెట్టుకుని పద్మనాభం వెళ్లాను. పొలాలకు ఎదురుగా చిన్న ఇల్లు. ఆమె నన్ను గుర్తుపట్టి, "మొన్న మాస్టారింట్లో చూశాను కదా, రండి" అంది. మజ్జిగ ఇచ్చింది. గ్లాసు ముట్టుకోకుండానే చెప్పేశాను. ఆయన ఎవరితోనూ అనలేదండీ, ఆ జాకెట్టుకి హుక్కులు కుట్టింది నేను, కథ రాసింది నేను, ఆ రోజు లోపల బల్ల మీద ఉన్నది నేను అని. కాగితాలు ఇచ్చాను.

కళ్లజోడు పెట్టుకుని లెక్కల పేపర్లు దిద్దినట్టు చదివింది. రెండు చోట్ల నేను ఆమెను 'పాపం' అన్నాను, అవి కొట్టేసింది. ఆవాల దగ్గర ఆగింది.

"ఇది తీసేయమంటే తీసేస్తాను" అన్నాను.

"వద్దు, ఉండనీయండి. అది ఆయన తెలివి. ఈసారైనా ఆయనదని రాయండి."

"నన్ను..." అన్నాను.

"మీ సంగతి ఇవాళ అడక్కండి. నాకు తెలీదు."

కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు చెప్పింది.

"బడి వదిలాక రోజూ ఆ సందులోంచే బస్టాపుకి వెళ్లేదాన్ని. వేరే దారి లేదు. ఆది తెచ్చేసుకున్నాక కూడా ఏడేళ్లు అలాగే వెళ్లాను. నేను దుకాణం దగ్గరికి రాగానే ఆయన మిషను ఆపి లేచి నిలబడేవారు. ఒక్క మాట అనేవారు కాదు. నేను దాటేదాకా అలా నిలబడే ఉండేవారు. చేసిన తప్పుకి సిగ్గుపడుతున్నారనుకున్నాను. ఏడేళ్లూ గొడుగు అటువైపు వంచుకుని వెళ్లాను."

అది నేనూ చూశాను. అటు ఆమె గొడుగు నాకు కనబడలేదు గానీ, ఇటు ఆయన లేవడం ఎన్నోసార్లు చూశాను. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో పని మధ్యలో ఆపి నిలబడేవారు. నడుం పట్టేసిందేమో అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, దాన్నీ ఒక కథలో పెట్టాను. రోజూ ఒకే వేళకి నడుం నొప్పితో లేచి నిలబడే ముసలి దర్జీ కథ. చాలా సహజంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

ఇప్పుడు తలుచుకుంటే కళ్ల ముందు కనబడుతోంది: మాస్టారు మెడలో టేపుతో, రెండు చేతులూ మిషను బల్ల మీద ఆనించి, వీధి వైపు తిరిగి నిలబడి ఉన్నారు. పెడల్ మీంచి కాలు తీసేసినా చక్రం ఇంకా కొంచెం తిరుగుతోంది. వెనక బల్ల మీద నేను తలొంచుకుని ఎవరిదో చీరకు ఫాల్ వేస్తున్నాను.